నీలి పిడుగుకు నేను నేర్పిన రాజకీయాలు

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి ప్రపంచం మొత్తం అర్థమైపోయి ఉంటుంది. ఆ తర్వాతే ఒక్కొక్కటిగా అర్థం కాకుండా పోవడం మొదలవుతుంది. ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. రాజనీతి శాస్త్రంలో ఎమ్మే ముగించి, ఉద్యోగం దొరక్క, చింతాద్రిపేటలో మా ఇంటి వసారాలో కూర్చుని, కంటికి కనబడిన ప్రతిదాని వెనకా ఉన్న రాజకీయం ఏమిటో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ ఉండేదాన్ని. పాల ప్యాకెట్టు మీద ఆవు ఎందుకు నవ్వుతోందో ఒకసారి మా అమ్మకు వివరించాను. (ఆ తర్వాత వారం రోజులపాటు ఆవిడ ఆ ప్యాకెట్టును బొమ్మ కనబడకుండా బోర్లా పెట్టి కత్తిరించింది. నా వల్ల మా ఇంట్లో వచ్చిన సామాజిక మార్పు అదొక్కటే.)

నా ప్రత్యేక కోపం సూపర్ హీరోల మీద. ఎమ్మే చివర్లో వాళ్ళ మీద ఎనభై పేజీల వ్యాసం రాశాను. దాని సారాంశం ఇది: ఈ ఎగిరే మనుషులను ఎవరూ ఎన్నుకోలేదు. ముసుగు వేసుకుంటారు కాబట్టి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. బ్యాంకును దోచినవాణ్ణి పట్టుకుంటారు గానీ బ్యాంకు ఎవరిని దోచిందని అడగరు. ఆ కథల్లో లోకాన్ని మార్చాలనుకునేవాడు ఎప్పుడూ దుర్మార్గుడే. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టేవాడే వీరుడు. కనుక పైన తొడుక్కున్న చెడ్డీ ఏ రంగుదైనా లోపల ఉన్నది ధనవంతుల ఇంటి కాపలావాడే. (ఈ చివరి వాక్యాన్ని మా ప్రొఫెసర్ గారు ఎర్ర ఇంకుతో కొట్టేశారు. అది కూడా ఒక రాజకీయమేనని అనుకున్నాను.) మా పిన్ని పిల్లలు నాతో ఒకే ఒక్కసారి అలాంటి సినిమాకు వచ్చారు. ఇంటర్వెల్‌లో నేను మొదలుపెట్టిన ఉపన్యాసం సినిమా మళ్ళీ మొదలైనా ఆగలేదు. ముందు వరసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "అమ్మా, తాయే, కొంచెం సుమ్మా ఇరుమ్మా" అని, అంటే కాస్త ఊరుకోమని, తమిళంలో రెండు చేతులూ జోడించాడు. తర్వాత మా వాళ్ళు సినిమాకు వెళ్ళినప్పుడల్లా నాతో గుడికి వెళ్తున్నామని చెప్పేవాళ్ళు.

ఇలా ఆరు నెలలు గడిచాక మా తాత నన్ను ఒక దారికి తేవాలనుకున్నాడు. ఆయన ఉత్తర మద్రాసులో ఒక బడిలో తెలుగు అయ్యవారుగా పనిచేసి రిటైరైన మనిషి. నేను బడిలో చదివింది తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు మాత్రం ఆయన పక్కన కూర్చుని, తప్పుకొక మొట్టికాయ చొప్పున నేర్చుకున్నాను. ఆయన పాత శిష్యుడొకాయన కోడంబాక్కంలో డబ్బింగ్ స్టూడియో నడుపుతున్నాడు. అక్కడ అందరూ ఆయన్ని "ముదలాళి" అని, అంటే యజమాని అని, తమిళంలో పిలుస్తారు. ఒక సోమవారం పొద్దున ఎగ్మూరు దాకా నడిచి, లోకల్ రైలెక్కి, కోడంబాక్కంలో దిగి, సినిమావాళ్ళకు బట్టలు కుట్టే ఒక టైలరు కొట్టు పక్క మెట్లెక్కి ఆయన ముందు నిలబడ్డాను.

"అయ్యవారి మనవరాలంటే నాకు బిడ్డ మాదిరి. తెలుగు తప్పుల్లేకుండా రాస్తావా పాపా?" అన్నాడు.

"ఇతరులు రాసినవి దిద్దుతాను కూడా సార్."

"సరి సరి. ఇది ఫారిన్ కార్టూను. తెలుగులో నీలి పిడుగని పేరు పెట్టినాం. నీలం డ్రెస్సేసుకోని ఊరి మీద ఎగరతా ఉంటాడు, ఆపదలో ఉండేవాళ్ళను కాపాడతా ఉంటాడు. ఇట్టాంటివి నీకు కొంచమన్నా తెలుసునా?"

"ఎనభై పేజీలు రాశాను సార్."

"అట్నా! అయితే ఫ్యానే!" అని ఆయన సంబరంగా టీ తెప్పించాడు.

ఆ ఎనభై పేజీల్లో ఏముందో చెప్పే ధైర్యం చాలలేదు. ఉద్యోగం కావాలి మరి. తిరుగు రైల్లో నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను: ఇది లొంగిపోవడం కాదు, శత్రువు కోటలోకి దూరడం. సైదాపేట వైపు వెళ్ళే రైలెక్కి మూడు స్టేషన్లు దాటాక గానీ, నేను కోట వైపు కాదు, ఇంటికి వ్యతిరేక దిక్కుకు పోతున్నానని తెలియలేదు.

డబ్బింగ్ రాయడం నేననుకున్నంత తేలిక కాదు. తెర మీద బొమ్మ పెదాలు కలిసిన చోట మన మాటలో ప గానీ బ గానీ మ గానీ పడాలి. బొమ్మ నోరు తెరిచి ఉంటే మనం మూయించకూడదు. రెండు క్షణాలు కదిలిన నోటికి నాలుగు క్షణాల డైలాగు రాస్తే పిడుగు పెదాలు కదపకుండానే మాట్లాడే దయ్యంలా ఉంటాడు. ఇవన్నీ నాకు నేర్పింది సౌండు చూసుకునే తమిళ అన్న ఒకాయన, రెండో ఆయన పెరంబూరు మామ. పిడుగుకు గొంతు ఇచ్చేది ఈ మామే. అరవై దాటిన మనిషి, బక్కపలచన, నా భుజం దాకా వస్తాడు. రైలు పెట్టెలు తయారు చేసే కార్ఖానాలో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. కానీ నోరు తెరిస్తే బల్ల మీద గ్లాసులో నీళ్ళు కదిలేవి. చెప్పులు గది బయట విడిచి, మైకును కళ్ళకద్దుకుని, గొంతు సవరించి "ఆగు!" అన్నాడంటే, తేలు డాక్టరనే విలన్ సంగతేమో గానీ నేను రాస్తున్న పెన్ను ఆపేసేదాన్ని.

మొదటి వారమే నేను మామకు క్లాసు తీసుకున్నాను. టీ తాగే సమయంలో ఆయన పక్కన కూర్చుని, "మీకు తెలియదు గానీ మామా, మీలాంటి శ్రామికుల కష్టాన్ని మరిపించడానికే ఇలాంటి కథలు పుట్టిస్తారు" అని మొదలుపెట్టి, శ్రమ అంటే ఏమిటో, సమ్మె అంటే ఏమిటో విడమరిచి చెప్పాను. ఆయన వేరుశనగలు ఒలుచుకుంటూ, "అట్నా? ఆహా. ఇంకా చెప్పు పాపా" అంటూ విన్నాడు. ఎంత చక్కగా తలూపాడంటే, ఒక కార్మికుణ్ణి చైతన్యవంతుణ్ణి చేశానన్న తృప్తితో ఆ రోజు నేను రెండు టీలు తాగాను.

ఇక నా విధ్వంసక కార్యక్రమం. పిడుగు ఎక్కడ దిగినా ముందుగా ఒక మాట అంటాడు. అసలు భాషలో అది "ఇదిగో, నేను వచ్చాను" అనే అర్థంలో ఉంది. నేను దాన్ని "పిలవకుండానే వచ్చా!" అని మార్చాను. వీణ్ణి ఎవరూ పిలవలేదు, ఎవరూ ఎన్నుకోలేదు, వీడికి ఏ అధికారమూ లేదు అన్న నా ఎనభై పేజీల సారాన్ని రెండే మాటల్లో వాడి నోటితోనే చెప్పించాను. బొమ్మ పెదాలు సరిగ్గా 'పి' దగ్గర కలిశాయి. సౌండు అన్న "లిప్పు సుమ్మా కరెక్టా ఉక్కాందిడుచ్చు మేడం!" అని, అంటే మాట పెదాల మీద సరిగ్గా కూర్చుందని, చప్పట్లు కొట్టాడు. ముదలాళి బ్రహ్మాండమన్నాడు. ప్రసారం మొదలైన నెల లోపల తెలుగు తెలిసిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ అదే మాట. మా పిన్ని కొడుకు వంటింట్లోకి దూకి "పిలవకుండానే వచ్చా!" అని నా పళ్ళెంలోంచి వడ ఎత్తుకుపోయాడు. నేను పిడుగును ఎండగట్టాలని రాసిన మాటతో పిల్లలకు పిడుగు ఇంకా ప్రియమైపోయాడు. చరిత్రలో ఇంతకంటే ఘోరంగా ఓడిపోయిన విమర్శ ఉంటుందనుకోను.

దాంతో మందు మోతాదు పెంచాను. తేలు డాక్టరు అసలు భాషలో "ఈ నగరం నాది!" అని వికటంగా నవ్వే చోట, "ఈ నగరం మేడల్లో ఉన్నవాళ్ళదేనా? గుడిసెల్లో దీపం ఎవరు పెడతారు?" అని అడిగించాను. దానికి పిడుగు, "అది నా పని కాదు! ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటమే నా పని!" అని గట్టిగా ఒక గుద్దు గుద్దేవాడు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మా తాత కళ్ళద్దాలు సర్దుకుని, "ఏమే, ఈ తేలోడు అచ్చం నీ మాదిరే మాట్లాడతా ఉండాడే!" అన్నాడు. "పాపం, వాడడిగిన దాంట్లో న్యాయముండాదే. దానికి వాణ్ణి కొట్టేదేంది?" అని కూడా అన్నాడు. ఆ పూట నాకు భోజనం సహించలేదు, అంత ఆనందం.

మామ మాత్రం ఒకరోజు కాగితం చేతిలో పట్టుకుని గాజు అద్దం అవతల నుంచి నన్ను చూశాడు. "పాపా, పిడుగు ఇట్టా మాట్లాడడమ్మే."

"మాట్లాడితేనే కదా మామా, నిజం బయటపడేది."

"నిజం చెప్పేదానికి వేరే చోట్లుండాయి. ఈడ చూసే పిల్లకాయలకు వాడు ఎగరతాడా లేదా అనే కావాల."

"వాళ్ళను ఆ భ్రమలోంచే బయటికి తేవాలి."

"సరి. రాసేది నువ్వు, చదివేది నేను" అని ఆయన మైకు వైపు తిరిగాడు.

తొమ్మిదో ఎపిసోడులో నాకొక అద్భుతమైన అవకాశం దొరికింది. పిడుగు ఒక ఎత్తయిన గోపురం మీద నోరు మూసుకుని నిలబడి, ఎక్కడో టిక్‌టిక్‌మంటున్న బాంబు చప్పుడు వినడానికి ప్రయత్నిస్తుంటాడు. అసలులో అక్కడ మాటలే లేవు. నోరు మూసి ఉంటే పెదాల బాధ లేదు! అది మనసులో మాట అనేస్తే ఎంతైనా రాయొచ్చు. రాశాను. "నన్ను ఎవరు ఎన్నుకున్నారు? నేను ఎవరి తరఫున ఎగురుతున్నాను? ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతుల్లో ఉన్నాయి?" అని పిడుగు ముప్పై క్షణాలపాటు ఆత్మవిమర్శ చేసుకున్నాడు. మామ ఆ 'ఉత్పత్తి సాధనాలు' అన్న మాటను ఎంత గంభీరంగా పలికాడంటే నాకు ఒళ్ళు పులకరించింది. (కింద బాంబు టిక్‌టిక్‌మంటూనే ఉంది. అది నాకు అప్పుడు పట్టలేదు.)

సరిగ్గా ఆ ఎపిసోడును చూడటానికి ఛానెల్ నుంచి ఒక మేడం హైదరాబాదు నుంచి దిగింది. ముదలాళికి రాబోయే ఏడాది పనంతా ఆవిడ చేతిలో ఉంది. అందరం స్టూడియో ఏసీ గదిలో కూర్చున్నాం. గోపురం దృశ్యం వచ్చింది. పిడుగు తనను తాను ప్రశ్నించుకున్నాడు. మేడం చెయ్యెత్తి ఆపమంది.

"ఇదేంటండీ? కార్టూనా, పార్టీ మీటింగా? హీరో తనని తానే తిట్టుకుంటున్నాడేంటి? బాంబు సంగతి ఎవరూ పట్టించుకోరా? అసలు ఎవరు రాశారిది?"

ముదలాళి చూపు నా మీదికి వచ్చింది. నా చూపు నేల మీదికి పోయింది. కార్పెట్టు మీద సిగరెట్టు కాలిన మచ్చ ఒకటి ఉండేది. దాని ఆకారం ఇప్పటికీ గీసి చూపించగలను. అధికారాన్ని ప్రశ్నించడం ఎలా అని ఎనభై పేజీలు రాసినదాన్ని, ఒక పట్టుచీర మేడం అడిగిన ఒక్క ప్రశ్నకు నా నోరు, పెదాలు కలిసిన చోటే ఉండిపోయింది.

"నేనేనమ్మా" అన్నాడు మామ వెనక నుంచి. "మైకు ముందర పాత అలవాటు కొద్దీ రెండు మాటలు చేర్చేసినా."

"రెండు మాటలా!" అంది మేడం. తర్వాత ముదలాళి వైపు తిరిగి, "ఇలాగైతే హీరోకి వేరే వాయిస్ చూసుకోండి" అంది. మామ తలూపాడు. వాకిట్లో చెప్పులు వేసుకున్నాడు. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. నేను అప్పుడు కూడా ఏమీ అనలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, ఆ మెట్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు కాస్త తగ్గుతుంది.

రెండు రోజులు ఇంట్లో ముసుగు పెట్టి పడుకున్నాను. జ్వరమని చెప్పాను. మూడో రోజు తాతకు నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. "పరీక్ష పేపర్లో పేరు రాయకుండా ఇస్తే నేను మార్కులు వేసేవాణ్ణి కాదే. మంచి జవాబైనా సరే, పేరు రాయాల" అన్నాడంతే. వెంటనే బస్సెక్కి పెరంబూరు వెళ్ళాను.

మామ ఇల్లు ఒక సందులో రెండు గదులు. ఆయన బనీనుతో కూర్చుని పాత ఫ్యాను విప్పుకుంటున్నాడు. నన్ను చూసి, "రామ్మా, ఉండు, టీ పెట్టిస్తా" అని లోపలికి పోయాడు. గోడకు ఒక అలమారా ఉంది. అందులో అట్టలు ఊడిన పుస్తకాలు. దగ్గరికి పోయి చూస్తే, నేను ఎమ్మేలో పేరు మాత్రమే ఉటంకించి చదవకుండా వదిలేసిన పుస్తకాలన్నీ అక్కడున్నాయి, తమిళంలో, ప్రతి పేజీలోనూ పెన్సిలు గీతలతో. పక్కన మామ యువకుడిగా ఉన్నప్పటి ఫోటో, కార్ఖానా గేటు ముందు పిడికిలెత్తి మాట్లాడుతూ.

"ఇరవై ఏళ్ళు యూనియన్లో ఉండినా" అన్నాడు మామ, గ్లాసు నా చేతికిస్తూ. "కొత్తగా చేరేవాళ్ళకు ఆదివారం క్లాసులు తీసేవాణ్ణి."

సమ్మె అంటే ఏమిటో నేను ఈ మనిషికి చెప్పాను. చేతులు తిప్పుతూ చెప్పాను. భూమి చీలితే బాగుండునని ఇతిహాసాల్లో ఎందుకనుకుంటారో నాకు అప్పుడు తెలిసింది.

"ఆ రోజు చెప్పలేదేం మామా?"

"నువ్వంత ఆశగా చెప్తా ఉంటే నడాన ఎట్టా ఆపేది? పైగా బాగానే చెప్పినావు. ఒకటి రెండు తప్పులు, అంతే."

"మరి అన్నీ తెలిసి, ఆ పిడుగుకు గొంతెలా ఇస్తున్నారు?"

ఆయన ఫ్యాను రెక్క తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. "వాడు ఎవరి తట్టు ఉంటాడో నాకు తెలీదా? తెలుసు. కానీ పాపా, మా వాళ్ళ కష్టాలు రాసుకోని ఇరవై ఏళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగినా. మొదటిసారి పిలిచినప్పుడే పలికినోణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు. కార్టూన్లో ఎవరో ముసలామె 'కాపాడు' అంటే వాడు చేస్తున్న పని ఆడనే వదిలేసి వస్తాడే, అది నాకు ఇష్టం. అబద్ధమే. అయినా ఆ అబద్ధం చెప్పేదానికి నా గొంతు బాగుంటాది."

మర్నాడు ముదలాళి ముందు నిలబడి, రాసింది నేనే అని చెప్పాను. ఆయన బీరువా తెరిచి నా చేతిరాత కాగితాలు బల్ల మీద పడేశాడు. "నాకు తెలీదా పాపా? ఆయన చేర్చినానంటే నేను నమ్మేదా? నువ్వు ఎప్పుడు నోరు తెరుస్తావా అని చూస్తా ఉండా, మూడు దినాలుగా." మేడమ్‌కు ఫోను చేసి నా చేతికిచ్చాడు. నేను ఒప్పుకున్నాను. ఆవిడ పెద్దగా నిట్టూర్చి, చివరి మూడు ఎపిసోడ్లు మళ్ళీ మామూలుగా రాయమంది. ముసలాయన్ని వెనక్కి పిలవమంది. "కానీ ఆ 'పిలవకుండానే వచ్చా' మాత్రం ముట్టుకోకండి. పిల్లలు పిచ్చెక్కిపోతున్నారు" అంది. నా ఎనభై పేజీల్లో ఆమోదం పొందినవి ఆ రెండు మాటలే.

మళ్ళీ రికార్డింగు జరిగిన రోజు, కూలిపోతున్న వంతెన మీద జనం అరిచే దృశ్యం ఉంది. అరవడానికి రావాల్సిన ఆవిడ రాలేదు. ముదలాళి నా వైపు చూసి, "నువ్వు లోపలికి పో" అన్నాడు. శిక్ష అని ఆయన అనలేదు. నేను మైకు ముందు నిలబడి, "కాపాడండి, కాపాడండి" అన్నాను. సౌండు అన్న ఆపేశాడు. "మేడం, బస్సులో టికెట్టు అడుగుతున్నట్టుండాది. ఇన్నుం కొంచెం ఫీలు!" రెండోసారి, మూడోసారి, ఏడోసారి. రక్షించమని సూపర్ హీరోను వేడుకోవడానికి నా గొంతులో నరం ఒక్కటి కూడా ఒప్పుకోవడం లేదు. పక్క మైకు దగ్గర మామ మెల్లగా అన్నాడు: "చెప్పులు బయట వదిలినావు గదా, సిద్ధాంతాన్ని గూడా ఒక్క నిమిషం ఆడ వదిలేసి రా. పోయేటప్పుడు వేసుకోని పోవచ్చు, ఎవురూ ఎత్తుకుపోరు."

కళ్ళు మూసుకున్నాను. ఆ కార్పెట్టు మచ్చ కనబడింది. అప్పుడు నా తరఫున ఎవరైనా మాట్లాడితే బాగుండునని లోపల ఎంత కేకపెట్టానో గుర్తొచ్చింది. "ఈడ! ఈడ ఉండాం! ఎవరన్నా రండయ్యా! కాపాడండి!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే కింద టైలరు కుట్టు మిషను ఆపి మెట్లెక్కి వచ్చాడు. గ్రాంథికం నేర్చిన అయ్యవారి మనవరాలి నోట చింతాద్రిపేట ఉన్నదున్నట్టు బయటపడింది. అదే ఊపులో మామ కాగితంలో ఉన్నట్టుగా, గది అదిరేలా, "పిలవకుండానే వచ్చా!" అన్నాడు.

సౌండు అన్న మైకులో అడిగాడు: "అవ్వళవు కత్తినాంగళే సార్! అంత అరిచి పిలిచినాక, పిలవకుండానే వచ్చా అంటే ఎట్టా?" అందరం పొట్టలు పట్టుకున్నాం. మామ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ టేకు మాత్రం మార్చలేదు. అది అలాగే ప్రసారమైంది.

ఇప్పుడు నేను ఈ ఊళ్ళోనే ఒక కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతున్నాను. పోయిన నెల మా క్లాసులో ఒక అమ్మాయి సూపర్ హీరోల మీద పేపరు చదివింది. ఎన్నుకోని అధికారం, ముసుగు, ఆస్తి, అన్నీ ఉన్నాయి. చేతులు తిప్పడంతో సహా. ఎక్కడా తప్పు పట్టలేకపోయాను, ఎందుకంటే వాదనలో తప్పు లేదు, ఇప్పటికీ లేదనే నా నమ్మకం. "ఇవి ఇష్టపడి చూసేవాళ్ళతో ఎవరితోనైనా మాట్లాడావా?" అని మాత్రం అడిగాను. "వాళ్ళతో ఏముంటుంది మేడం, వాళ్ళకు తెలియదు కదా" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాను. అమ్మాయి నేను ఒప్పుకోవడం లేదనుకుని ఇంకా గట్టిగా వాదించడం మొదలుపెట్టింది. నిజానికి నేను చూస్తున్నది ఆమెను కాదు. ఇరవై మూడేళ్ళ పిల్ల ఒకతి, కోడంబాక్కం స్టేషను వైపు, తప్పు రైలెక్కబోతున్నానని తెలియక గబగబా నడుస్తోంది. ఆమె ఇప్పుడొచ్చి నా ఎదుట కూర్చుంటే వాదనలో నేను గెలవలేను. గెలవాలని కూడా లేదు.